పక్కవారి రాగంలోకి పోయే గొంతు

షాంటిలీ, వర్జీనియా
బుధవారం ఉదయం

ప్రియమైన అక్క సుగుణమ్మకు తమ్ముడు జ్ఞానరత్నం వందనాలతో వ్రాసేది.

ప్రభువు దయవల్ల ఇక్కడ నేను, అమ్మాయి సునీత, అల్లుడు క్షేమంగా ఉన్నాము. తెనాలిలో నీవు, బావగారు కుశలమని తలుస్తాను. నీ మోకాళ్ళ నొప్పి తగ్గినదా? బావగారికి షుగరు అదుపులో ఉన్నదా? నీవు వాట్సాప్‌లో పంపిన సందేశంలో ‘శాఖాహారం’ అని ఉన్నది. శాఖ అంటే కొమ్మ, అక్కా. ‘శాకాహారం’ అని వ్రాయాలి. తెలుగు మాస్టరుగా పదవీ విరమణ చేసినా నా కన్ను ఊరుకోదు, ఏమీ అనుకోకు.

ఇక్కడ చలి ముదిరింది. సాయంత్రం కాకముందే చీకటి పడుతున్నది. భోజనానికి లోటు లేదు. గోంగూర సైతం దొరుకుతుంది గాని దానికి పులుపు ఉండదు. పగలంతా ఇంట్లో నేనొక్కణ్ణే. అది చూడలేక సునీత నన్ను ఈ ఊరి గాయక బృందంలో చేర్పించింది. నా ఆరోగ్యానికి ఢోకా లేదు, దిగులు పడవద్దు. కాని అలసిపోయాను. ఈ మాట నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

క్రిస్మస్‌కు ముందు వీరు ఒరటోరియో అనే పాత సంగీత రూపమొకటి పాడబోతున్నారు. వేషాలు, నటన లేకుండా బైబిలు కథనంతా వాద్యాలతో పాడుకొంటూ పోవడమన్నమాట. ప్రతి మంగళవారం రెండు గంటలు నిలబడే సాధన. కాళ్ళు గుంజుతాయి. అదైనా ఓర్చుకోవచ్చు. అసలు చిక్కు వేరే ఉన్నది.

మన సంఘంలో నేను కీర్తన ఎత్తుకొంటే ముసలీ ముతకా అందరూ అదే రాగం అందుకొనేవారు గదా! ఇక్కడ నాలుగు వరుసలు. ఒకే సమయంలో ఎవరి రాగం వారిదే. నన్ను బాస్ వరుసలో, అంటే అందరికంటే కింది గొంతుల్లో నిలబెట్టారు. మా పాట నేలబారుగా సాగుతుంది. స్త్రీలు అసలు రాగం ఎత్తుకోగానే నా గొంతు నన్ను అడగకుండానే అటు వెళ్ళిపోతుంది.

“మిస్టర్ రత్నం, మళ్ళీ ఆడవాళ్ళలోకి పోయారు! మీ అమ్మాయికి చెప్పమంటారా?” అంటాడు పక్కన నిలబడే ఫ్రాంక్. అతనిదీ నా వయసే.

బృందాన్ని నడిపించే ఎలెన్ మన సునీతకంటే చిన్నది. పోయిన వారం నన్ను పక్కకు పిలిచి, “వచ్చే మంగళవారం బాస్ వాళ్ళను ఒక్కొక్కరినీ వింటాను. మీకు కుదరకపోతే కచేరీ రోజున తలుపు దగ్గర ప్రోగ్రాం కాగితాలు పంచండి. అదీ మాకు సాయమే” అన్నది.

నలభై ఏళ్ళు సంఘానికి పాట ఎత్తినవాణ్ణి కాగితాలు పంచాలా? పైగా ‘మా తమ్ముడు అమెరికాలో పాడుతున్నాడు’ అని నీవు ఆరాధనలో ప్రకటన చేయించావు!

నిన్న ఆ పరీక్ష జరిగింది. సునీత ఆఫీస్ నుంచి నీరసంగా వచ్చి, “నాన్నా, ఈ వారం స్కిప్ చేద్దామా? మీటింగ్స్‌తో తల పగిలిపోతోంది” అన్నది. నాకూ వెళ్ళాలని లేదు. అయినా తన కారులోనే వెళ్ళాము.

ఎలెన్ పియానో మీద స్త్రీల రాగం వాయిస్తూ ఉంటే నేను నా వరుస పాడాలి. సగందాకా నిలబడ్డాను. రాగం పైకి లేచే చోట గొంతు జారబోవడం తెలిసింది. టక్కున నోరు మూసుకొన్నాను.

“ఎందుకు ఆపేశారు?”

“నాది కాని దారిలోకి పోతున్నాను, అందుకు” అన్నాను.

ఆమె నవ్వలేదు. “ఇన్నాళ్ళూ జారే క్షణంలో మీకది తెలియలేదు. ఇప్పుడు తెలిసింది. వరుసలోనే నిలబడండి. దారి తప్పే చోట ఇలాగే ఆగి, దొరికాక కలవండి” అన్నది.

కారెక్కగానే సునీత, “ఏమన్నారు నాన్నా?” అని ఆత్రంగా అడిగింది.

“ఉండమన్నారు.”

“హమ్మయ్య! బయట కూర్చొని ఒకటే కంగారు పడ్డాను” అన్నది. బదులు చెప్పేలోపే నాకు కునుకు పట్టింది.

పాటలో నేను దారి తప్పే అట్లాంటి చోట్లు రెండున్నాయి అక్కా. నిన్నటిదాకా పాట మధ్యలో నేనెప్పుడూ నోరు మూసుకొని ఎరుగను. పాస్టరుగారికి, బావగారికి, సంఘ పెద్దలందరికీ నా వందనాలు చెప్పు. నా కోసం ప్రార్థన చేయి. పాడడానికి బలం ఇమ్మని అడగవద్దు. ఆ రెండు చోట్లా ఊరుకొనే బలం ఇమ్మని అడుగు.

నీ దీవెన కోరే తమ్ముడు,
జ్ఞానరత్నం