పదహారిళ్ల సార్వభౌముడు

మలికిపురం దగ్గర, మన పేట.

చి. మెర్సీకి,

బాబాయి సాల్మన్ ఆశీస్సులు. నేను, మీ పిన్ని అమ్మాజీ, పద్దెనిమిది కొబ్బరిచెట్లు క్షేమం. వైజాగు హాస్టల్లో నువ్వు వేళకి తింటున్నావని తలుస్తాను. ఫోను ఉండగా ఉత్తరమేమిటని విసుక్కోకు. హెడ్మాస్టరుగా చేసినవాడికి కాగితం మీద పెడితేగాని మాట మాటలా అనిపించదు.

పేటలో కొబ్బరిచెట్లున్న ఇళ్లు పదహారు, చెట్టెక్కి కాయలు దింపేవాడు ఎర్రయ్య ఒక్కడు. తెల్లారేసరికి అందరం వాడి గుమ్మం ముందే. ముందు మా చెట్లంటే మా చెట్లని, మొన్న సూరిబాబు వాడి నడుం తాడు లాక్కుపోతే, వీరాయమ్మ గారు కత్తి పట్టుకుపోయారు. ఎటూ వెళ్లలేక ఎర్రయ్య రోడ్డుమీద కూర్చున్నాడు. కాయలు చెట్లమీదే ఎండుతున్నాయి.

జనం రాజులకి ఎందుకు లొంగారన్నది కదా నీ పరిశోధన! మాకేదైనా మార్గం రాయి. నేను రిటైరై రెండేళ్లయింది, పలకరించేవాళ్లే తప్ప మాట వినేవాళ్లు లేరు. ఈ తగువు తీరిస్తే మళ్లీ నోరారా ‘మాస్టారూ’ అంటారని ఆశ.

ఆశీస్సులతో,
బాబాయి

తా.క.: పిన్ని నీకు సున్నుండలు చేసింది. పాడయ్యాయేమో అని రోజూ రుచి చూశాను. పాడవలేదు, అయిపోయాయి.

*

వైజాగు.

బాబాయి గారికి వందనాలు.

మీ పేట సంగతి దాదాపు నాలుగొందల ఏళ్ల కిందటే ఇంగ్లండులో ఒక పండితుడు రాసి పెట్టాడు. పైన అధికారం లేకపోతే ప్రతివాడికీ ప్రతివాడితో యుద్ధమే అంటాడాయన. అందుకని అందరూ ఒప్పందం చేసుకుని, తమ హక్కులన్నీ ఒకరి చేతిలో పెట్టాలట. అతనే సార్వభౌముడు. అతను చెప్పిందే చట్టం. అతను ఒప్పందంలో సంతకం పెట్టడు కాబట్టి, మాట తప్పావని అతన్ని ఎవరూ నిలదీయలేరు. ఇది ఆయన మాట, నా మాట కాదు. నాకు భయమేస్తుంది.

ప్రేమతో,
మెర్సీ

తా.క.: ఆ పెద్దరికం మీరు మాత్రం తీసుకోకండి బాబాయ్. క్యారమ్స్‌లో ఓడిపోయే వేళకి కాయిన్లన్నీ కలిపేసే మనిషి మీరు. పిన్నికి ఈ ముక్క చెప్పకండి.

*

మన పేట.

చి. మెర్సీకి,

నీ ఉత్తరం బ్రహ్మాండంగా పనిచేసింది. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వరండాలో అందరికీ చదివాను. నీకు తెలియదేమో, ఒకప్పుడు కువైట్ నుంచి ఎవరికి ఉత్తరం వచ్చినా పేటంతటికీ నేనే చదివేవాణ్ణి. అందరి ముందే కవరు చింపాలి, ఒక్క అక్షరం వదలకూడదు. అదీ నియమం. ఇప్పుడందరికీ వాట్సాపులు. వచ్చే ఉత్తరం నీదొక్కటే.

కాబట్టి తా.క. కూడా చదివాను. పిన్ని ముందు వరసలోనే ఉంది. అందరూ పడీపడీ నవ్వారు. ఆ నవ్వుల్లోనే ఒప్పందం కాగితం తిప్పేశాను, పదిహేనిళ్ల సంతకాలు పడిపోయాయి. సార్వభౌముణ్ణి కనుక నేను పెట్టలేదు. ఇకనుంచి ఎర్రయ్య ఎవరి చెట్టెక్కాలో నేను చెబుతాను. మొదటి ఆజ్ఞగా నా పద్దెనిమిది చెట్లూ దింపించాను.

సార్వభౌమాశీస్సులతో,
బాబాయి

తా.క.: “అంత పెద్దాయనకి ఎన్ని చెట్లున్నాయండి?” అని వీరాయమ్మ గారు అడిగారు. వెంటనే కనుక్కుని రాయి.

*

వైజాగు.

బాబాయి గారికి వందనాలు.

ఈ ఉత్తరం మీకొక్కరికే. దయచేసి ఎవరికీ చదవొద్దు.

కొంపలు మునిగేలా ఉన్నాయి బాబాయ్! అదే ఇంగ్లండులో తరవాత ఇంకొక పండితుడు వచ్చాడు. పాలకుడి దగ్గర ఉన్నది జనం నమ్మి అప్పగించిన అధికారమేననీ, నమ్మకం చెడగొడితే దింపేయవచ్చనీ అన్నాడు. ఆయన తరవాత జెనీవాలో పుట్టిన మూడో ఆయన, అసలు జనమంతా కలిస్తే వాళ్లే సార్వభౌములన్నాడు. పేటవాళ్లకి ఈ సంగతులు తెలిసేలోపు మీరే మర్యాదగా దిగిపోండి.

కంగారుగా,
మెర్సీ

తా.క.: మొదటి ఆయనకి చెట్లున్నట్టు ఎక్కడా దొరకలేదు. ఉండి ఉంటే అలా రాసేవాడు కాదు.

*

మన పేట.

చి. మెర్సీకి,

‘ఈ ఉత్తరం మీకొక్కరికే’ అన్నది కూడా చదివాను. నియమం నియమమే కదా! జెనీవా ఆయన దగ్గరికి వచ్చేసరికి నా గొంతు తగ్గింది, పేట గొంతు పెరిగింది. నన్ను దింపేయాలని మొదట చెయ్యెత్తింది మీ పిన్ని.

ఇప్పుడు పదహారిళ్లకీ పదహారుమంది సార్వభౌములు. రోజుకి పదహారు ఆజ్ఞలు. దాంతో ఎర్రయ్య తాడూ కత్తీ తీసుకుని ఎటో పోయాడు. తొమ్మిది రోజులైంది. కాయలు వాటంతటవే రాలుతున్నాయి. నేను ఆజ్ఞలిచ్చిన ప్లాస్టిక్ కుర్చీ మీద నిన్న ఒకటి పడి, కుర్చీ రెండు ముక్కలైంది. అందులో ఎవరూ లేరు గనక సరిపోయింది.

నన్నిప్పుడు మాస్టారూ అని కూడా ఎవరూ పిలవడం లేదమ్మా. బాధగా ఉంది. పారిపోయినవాణ్ణి తెచ్చే పండితుడెవరైనా ఉన్నాడా?

మాజీ సార్వభౌముడు,
బాబాయి

తా.క.: పిన్ని మళ్లీ సున్నుండలు చేసి బీరువాలో పెట్టి తాళం వేసింది. ఇంట్లో కూడా అధికారం పోయింది.

*

మన పేట.

మెర్సీ గారికి,

ఎర్రయ్య నమస్కారాలండి. చెప్పేది నేను, రాసేది మాస్టారు. ఒక్క అక్షరం మార్చనని ఒట్టేసేరు.

మీ ఉత్తరాలన్నీ విన్నానండి. ఆదివారం నాకు చర్చి చెట్ల దింపు కదండీ. మాస్టారు కింద చదువుతుంటే నేను పైన కూర్చుని వినేవోణ్ణి. బాగున్నాయండి. ఒక్కటే అర్థం కాలేదు. ఆ ఒప్పందం కాగితంలో నా పేరు ఏడుసార్లు ఉందండి. సంతకాలు చూత్తే పదిహేను, అందులో నాది లేదు. ఎక్కేది నేను గదండీ! మీరు రాసిన ఆ పెద్దోళ్లు ముగ్గురూ ఒప్పందాలు రాసేటప్పుడు, ఎక్కేవోణ్ణి ఎవరైనా అడిగేరా అండి?

అందుకే అల్లవరం మా అత్తోరింటికి ఎల్లిపోయి తొమ్మిది రోజులు నిద్దరపోయేను. పదో రోజు ఆరా తీసి పదహారిళ్లోళ్లూ ఆటోల్లో దిగేరు. “ఎవరు చెబితే వస్తావు ఎర్రయ్యా?” అన్నారు మాస్టారు. “చెబితే రానండి, అడిగితే వత్తాను” అన్నాను. మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుని, “ఎర్రయ్య గారూ, తమకి ఎప్పుడు వీలవుతుందండి?” అన్నారు. ఇరవయ్యేళ్ల నించి ఎక్కుతున్నానండి, ‘గారు’ అని వినడం అదే మొదలు. నాకు ఏడుపొచ్చేసింది. ఆయనకీ వచ్చేసింది.

కొత్త కాగితం రాయించేనండి. వరస నేను చెబుతాను. నేను పైనుండగా కింద నించి ఎవరూ సలహాలివ్వకూడదు. ముందు నా సంతకం, తరవాత పదహారు. మాస్టారు కూడా ఈసారి పెట్టేరండి.

ఇట్లు,
ఎర్రయ్య

తా.క.: మాస్టారి చెట్లు ఆఖరండి. ఆయ్, ఆయనే అడిగేరు.

రెండో తా.క.: ఇది బాబాయి సొంతంగా రాస్తున్నది. ఎర్రయ్య గారు చివర్లో ఒక షరతు కలిపారు. ఏ ఆదివారం నీ ఉత్తరం చదవనో, ఆ వారం ఆయన చెట్టెక్కరు. బుధవారం నుంచీ పేటంతా నా గుమ్మం ముందే ఉంది, “మాస్టారూ, ఉత్తరం వచ్చిందాండీ?” అని. త్వరగా రాయి తల్లీ. పిన్నికి చెప్పకూడని సంగతులు మాత్రం తా.క.లో వద్దు.