నేను గీసిన ఊయల

జూన్ 4
స్రవంతి నేను గీసిన ఊయల బొమ్మను ఫోన్‌లో ఫోటో తీసుకునింది. దాచిపెట్టుకుంటాదేమో అనుకున్నా. కుప్పం పంపించింది, వాళ్ళ చిన్నాయనకు.
"నువ్వు గీస్తావు, చిన్నాయన చేస్తాడు, ఇంగేం కావాల నాన్నా" అనింది. ఒళ్ళో బిడ్డ. ఇంకా రెండు నెల్లు నిండలేదు.
నవ్వినా. ఎట్ల నవ్వినానో.

జూన్ 5
మునిరత్నం. సుజాత చెల్లెల్ని చేసుకున్నప్పట్నుంచీ నాకు తోడల్లుడు. బెంగుళూరు ఫ్యాక్టరీలో ఫిట్టరు పని వదిలేసి వచ్చి, కుప్పంలో ఇంటెనక షెడ్డు వేసుకుని, వీడియోలు చూసి చెక్కపని నేర్చుకున్నాడు. నాలుగేండ్లు అయింటాది. నేను ముప్పై ఏండ్లు హైస్కూల్లో డ్రాయింగ్ చెప్పినా. ఎవురికైనా గుర్తుందా? వాడు చేసిచ్చిన కుర్చీ మా ముందర గదిలో ఉండాది. వచ్చినోళ్ళంతా దాని చేతుల మీద అరచెయ్యి రుద్ది చూసి మరీ కూర్చుంటారు.

జూన్ 9
స్కూటరు పెట్టే రేకుల షెడ్డు ఖాళీ చేసినా. స్కూటరు బయట వేపచెట్టు కింద.
"యాల?" అనింది సుజాత.
"చెక్కపని మొదలుపెడతాండా."
ఆమె లోపలికి పోయి ఫోన్‌లో చెల్లెలికి చెప్తాంటే వినిపించింది: "రిటైరయినోళ్ళకు ఏదో ఒకటి ఉండాల గదమ్మా."

జూన్ 11
బజారులో సామాన్ల అంగడి. మునిరత్నం దగ్గర ఉండేట్లాంటి, కొయ్యను నున్నగా తోసే కరెంటు చిత్రిక అడిగినా. అదే రంగుది. అంగడాయన అడిగినాడు, "సార్, ముందర పని అలవాటుందా?"
ఉందని చెప్పినా.
"అట్లయినా చేతి చిత్రిక తీసుకోండి సార్. కరెంటుది కొయ్యను తినేస్తాది. చెయ్యి కుదిరినాక కొనుక్కుందురు."
మునిరత్నానికి ఇదే మాట చెప్పింటాడా ఎవురైనా? కరెంటుదే తెచ్చుకున్నా.

జూన్ 12
వేప చెక్క మీద నడిపించినా. మధ్యలో గుంట పడింది, దోసిట్లో నీళ్ళు పోస్తే నిలుస్తాయి. చెవుల్లో ఇంకా రొద.

జూన్ 13
మళ్ళీ అదే అంగడికి. తల ఎత్తకుండా అడిగినా. చేతి చిత్రిక ఒకటి. ఉలులు మూడు: సన్నంది, నడిమిది, వెడల్పుది. సానరాయి. మూలలు సరిగ్గా కుదిరినాయో లేదో చూసే మూలమట్టం. చెక్కను పట్టి ఉంచే క్లాంపులు రెండు. సన్న పండ్ల రంపం. ఆయన ఒక్క మాటా అనలేదు. పేపర్లో చుట్టి ఇచ్చేటప్పుడు మాత్రం, "ఉలిని రోజూ సాన పట్టండి సార్, పని సగం ఆడనే అవుతాది" అన్నాడు. మంచి మనిషి. మంచి మనుషులంటే ఈమధ్య నాకు కోపమొస్తాండాది.

జూన్ 17
నాలుగు రోజులు సానరాయితోనే గడిచినాయి. బొటనవేలు తెగింది. ఈరోజు పొద్దున చిత్రిక తోస్తే పొట్టు ఒకే చుట్టగా లేచింది, ఉల్లిపొర మాదిరి, అవతలి వెలుతురు కనిపించేంత పల్చగా. చేతిలో పెట్టుకుని స్రవంతికి చూపిద్దామని ఇంట్లోకి పోయినా.
ఆమె ఫోన్ చూస్తాంది. "నాన్నా, చిన్నాయన ఊయల కమ్మీలు తయారు చేసేసినాడు సూడు" అని నాకే చూపించింది. పద్నాలుగు కమ్మీలు, అన్నీ ఒక్క తీరు. నేను బొమ్మలో గీసినట్లే. గీసినదానికంటే బాగా.
పొట్టు జేబులో నలిగిపోయింది.

జూన్ 20
మునిరత్నమే ఫోన్ చేసినాడు. ఊయల వేలాడేది పైన అడ్డకొయ్యకు గదా, దానికి మంచి టేకు కావాలంట. పుంగనూరు సామిల్లుకు రమ్మన్నాడు.
"కొయ్య సూసేది నాకు రాదన్నా. మిషన్లు తెలుసు గానీ, కొయ్య నీకే తెలుసు."
నిజమే. నిమ్మనపల్లె చేలో మా నాయన చెట్లు అమ్మేటప్పుడు నేనే పక్కన ఉండేది. తట్టి చూస్తే లోపల తొర్ర ఉందో లేదో చెప్పేవాణ్ణి. ఒక్కటన్నా వాడికి రానిది ఉండాది. ఈరోజు అన్నం బాగా తిన్నా.

జూన్ 22
పుంగనూరు. రాయాల. ఎవురూ చదవరు, అయినా చెయ్యి ఆడలేదు.
సామిల్లులో మూడు పలకలు పక్కకు తీసినారు. నేను చివర్లు చూసినా, తట్టినా, వాసన చూసినా. మూడో పలక చివర దుమ్ము కింద సన్న గీత. వెంట్రుకంత. గోరు పెడితే దిగింది. పగులు.
మునిరత్నం పక్కనే ఉండాడు. సామిల్లాయనతో చెప్తాండాడు: "మా అన్న. డ్రాయింగ్ సారు. బొమ్మంతా ఈయనదే, నేను ఉత్త చేసేవాణ్ణి." నన్ను పొగుడుతాండాడు. అది విని నాకు ఇంకా మండింది.
"ఇది ఎట్లుండాదన్నా?"
"బాగుండాది" అన్నా.
వాడు పలకను భుజానికి ఎత్తుకున్నాడు. బస్టాండులో నాకు టీ తాపించినాడు.

జూన్ 23
చెప్పలేదు.

జూన్ 25
పగులు చివర్లోదే గదా. లోపలికి పోయుండదు. పోయుంటే వాడికే తెలుస్తాది. తెలియకపోతే, పెద్ద పనివాడని అంతా ఎందుకంటాండారు…

జూన్ 29
మామిడి చెక్కతో పీట చేసినా. నాలుగు కాళ్ళు. ఒకటి పొట్టి. సుజాత దాని మీద కూర్చుని చిక్కుడుకాయ ఒలిచింది, ఊగుతా ఊగుతానే. బాగుండాదనింది. మునిరత్నం కుర్చీని చూసి అన్నట్లు అనలేదు.

జూలై 3
ఊయల ఫోటో వచ్చింది. అయిపోయిందంట. రేపు కాదు, పై ఆదివారం తెస్తాడంట, ఆరోజే బిడ్డను ఊయల్లో వేసి పేరు పెట్టేది. ఫోన్ ఇల్లంతా తిరిగింది. నా చేతికి వచ్చినప్పుడు నేను అడ్డకొయ్యనే చూసినా. నున్నగా మెరుస్తాంది. గీత కనపళ్ళేదు. పాలిష్ కింద ఉంటే ఎట్ల కనిపిస్తాది?
స్రవంతి బిడ్డను నా ఒళ్ళో పండబెట్టి స్నానానికి పోయింది. ఏమంత బరువు. కానీ పైనుంచి పడితే…

జూలై 4
మొదటి బస్సుకే బయల్దేరినా. "నచ్చలేదా, సూసొస్తావా?" అనింది సుజాత. ఊ అన్నా. పలమనేరు దాకా ఏం చెప్పాలో కూడబలుక్కుంటానే పోయినా. ఆడ్నుంచి కుప్పం దాకా ఏం చెప్పకుండా తప్పించుకోవచ్చో.

షెడ్డులో ఉండాడు. గోడకు సామాన్లన్నీ వరసగా. ఊయల నడిమధ్యలో. ఎంత బాగుండాదో రాయను.
నిలబడే చెప్పినా. "రత్నం, ఆ పలకకు చివర పగులుండె. ఆపొద్దే సూసినా."
వాడు బట్టతో కమ్మీ తుడుస్తాండాడు. తుడిచేది ఆపలేదు.
"ఆపొద్దే?"
"ఆపొద్దే."
"సెప్పలేదే."
మళ్ళీ వాడే అన్నాడు, "రెండు పక్కలా జానెడు జానెడు కోసి పడేసినా అన్నా. చివర్లు ఎప్పుడూ కోసేస్తా. పొయ్యిలోకి పోయినాయి అవి."
"పగులు లోపలికి పోయుంటాది" అన్నా. "పైకి కనపడదు. బిడ్డ పండుకునేది గదా."
వాడు నా ముఖం చూసినాడు. అడ్డకొయ్యను జిగురు పెట్టి బిగించేసినాడు, ఊడబీకితే రాదు. రంపం తీసుకుని వాడే కోసినాడు. పాలిష్ పెట్టిన కొయ్య, నడిమికి. నేను కిందికి చూస్తా నిలబడినా. రెండు ముక్కలూ నా చేతికిచ్చినాడు.
లోపల శుభ్రంగా ఉండాది. గీత లేదు, మచ్చ లేదు. బంగారట్ల కొయ్య. ఇంకో చోట కూడా కోసి చూసినాడు. ఆడా అంతే.
"ఏముందన్నా దీంట్లో?" అన్నాడు. గొంతు పెంచలేదు.
పగులు నేను చూసినా. గోరు దిగింది. కానీ చూపించడానికి నా దగ్గర ఏముంది? చెప్పాల్సిన రోజు నోరు మూసుకున్నా. చెప్పిన రోజు వాడి పని పాడు చేసినా.
మరదలు అన్నానికి పిలిచింది. బస్సు టైమయిందని వచ్చేసినా.

జూలై 5
మరదలు సుజాతకు ఫోన్ చేసింది. "బావ యాల అట్ల చేసినాడక్కా? మా ఆయన పొద్దున్నించీ షెడ్డులోకే పోలేదు."
సుజాత ఫోన్ పెట్టేసి నా దగ్గరికొచ్చింది. అంతా చెప్పినా, సామిల్లు నుంచి. విని ఒకటే అడిగింది: "నిజంగా పగులుండెనా?"
ఉండె.
ఉండెననే అనుకుంటాండా.

జూలై 6
స్రవంతికి ఏమీ తెలీదు. ఊయల తగిలించను కొక్కీలు కావాలంట, నాన్న దగ్గర ఉంటాయి గదా అనింది.

జూలై 7
ఒక్కణ్ణే పుంగనూరు పోయినా. కొత్త అడ్డకొయ్య నేనే చేసిద్దామని టేకు పలక కొన్నా. చివర్లు నీళ్ళు పెట్టి తుడిచి, కళ్ళద్దాలు మార్చి మార్చి చూసినా. సామిల్లాయన, "మీ తమ్ముడు రాలేదా సార్?" అన్నాడు. పనుందని చెప్పినా. పలకను నేనే మోసుకొచ్చినా.

జూలై 8
కొలత కావాల. మునిరత్నానికి మూడుసార్లు ఫోన్ చేసినా. ఎత్తలేదు. ఆదివారానికి మూడు రోజులు. నా బొమ్మలో కొలత ఉండాది గానీ, వాడు ఏమన్నా మార్చుకుని ఉంటే? ఒక వైపు చిత్రిక పట్టి ఆపేసినా.

జూలై 9
మధ్యాన్నం మెసేజ్ వచ్చింది. నాలుగడుగుల రెండంగుళాలు. వెడల్పు, మందం. రంధ్రాలు యాడ వేయాలో చిన్న బొమ్మ, వంకర టింకరగా. అంతే. అన్నా అని లేదు. తీసుకునిరా అని లేదు. వస్తానని లేదు.
సుజాతకు చూపించినా. "మంచిదే గదా" అనింది. ఆమెకూ తెలీలేదు.
కోపం పోయిందా? చేసి పెట్టు, బాకీ తీరుతాదనా? లేక నీ కొయ్య కూడా కోసి చూస్తాననా?

సాయంత్రం దాకా తోసినా. చేతి చిత్రికతోనే. మూలమట్టం పెడితే నాలుగు వైపులా అతుక్కుంటాంది, వెలుతురు దూరలేదు. రేపు తెల్లారి బస్సుకు కుప్పం తీసుకపోవాల. తలుపు తీస్తాడో లేదో.
ఒకటి మాత్రం. రంధ్రాలు వేసేటప్పుడు అనిపించింది, ఇంక ఈ ఊయల వాడొక్కడిదే కాదని. సంతోషమయింది.
ఆ మాట రాసి కొట్టేసినా. మళ్ళీ రాస్తాండా. సంతోషమే అయింది.