వాసన పోని కారు

మేడ్చల్, గురువారం

బాపూ, నేను బాగున్నాను. నా మాట సగంలో ఉండగానే ఫోన్ పెట్టేశావు కాబట్టి కార్డు రాస్తున్నాను. పైసలకు వెనకాడి పాత కారు చూస్తున్నానని మీరంతా అనుకుంటున్నారు. అది తప్పు. కొత్తదానికి లోన్ ఇస్తామన్నారు, నేనే వద్దన్నాను.

శామీర్‌పేటలో చేపలమ్మే మొగులయ్య తన కారు అమ్ముతున్నాడు. మెకానిక్‌ను వెంట తీసుకెళ్లాను, ఇంజన్ గట్టిదన్నాడు. తలుపు తీస్తూ మొగులయ్యే సిగ్గుపడ్డాడు.

"ఏమనుకోకు బిడ్డా, వెనక సీట్ల చేపల బుట్టలు పెడ్తుంటి. ఎంత కడిగినా వాసన పోతలేదు."

"ఏం చేపలు, రవ్వలా, బొచ్చెలా?" అన్నాను.

"నీకెట్ల ఎర్క?" అని నోరు తెరిచాడు.

"మా బాపు సింగూరు డ్యాంల వల ఏస్తడు."

నువ్వేమో "గా వాసన నీకంటొద్దనే సదివించిన" అంటావు. ఆ వాసనతోనే కదా చదివించావు! ఇప్పుడు దానికి నేనెందుకు ముక్కు మూసుకోవాలి?

అవ్వ కళ్లద్దాలు వచ్చాయా? ఎండుచేపలు కట్టి ఉంచమని అమ్మకు చెప్పు, నా హాస్టల్లో అందరూ అడుగుతున్నారు. తమ్ముణ్ణి చదువుకోమను. అవ్వకు దండాలు.

ఆదివారం కారులో ఇంటికి వస్తున్నాను. కొత్తది కొనను. మొగులయ్య కారే కొంటున్నాను.

రోజారాణి