నువ్వు చేసిన తలుపు

అన్నా,

నిన్ను తీసుకుపోయి ఇది మూడో ఏడు. ఇవాళ మన బోయిగూడకు టెక్నికల్ కాలేజీ మాస్టారొకాయన వచ్చాడు. రాబోయే ఇరవై ఏళ్లు బస్తీ పిల్లలకు ఏ పని నేర్పాలో ఇల్లిల్లూ తిరిగి అడుగుతున్నాడట. పక్కింటి రహీం చాచా గోడ మీంచి, "ఏం చెప్పకు బేటీ" అన్నాడు. నీ వడ్రంగి సామాన్లు, ఉలులూ చిత్రికా బియ్యం కుండలో దాచేశాను.

"ఇంట్ల చేతిపని తెలిసినోళ్లు ఎవరున్నరమ్మా? ఏం సామాన్లున్నయ్?" అని మాస్టారు నవ్వుతూ అడిగాడు. పోలీస్ యాక్షన్ అప్పుడు తుపాకులకు కర్రపిడులు చేసేవాళ్లెవరని వెతుకుతూ నీకోసం వచ్చిన మిలిటరీవాళ్లూ ఇవే అడిగారు, ఇలాగే నవ్వారు.

"ఎవ్వరు లేరు సార్" అన్నాను. మన వడ్రంగుల గల్లీ అంతా అదే జవాబట. ఇక్కడ వడ్రంగులే లేరని రాసుకున్నాడు.

పోబోతూ మన తలుపు మీద నువ్వు చెక్కిన తీగను వేలితో తడిమి, "అబ్బ, గిది ఎవరు చేసిండ్రమ్మా?" అన్నాడు.

ఆ తలుపే ఆయన మొహం మీద వేసేశాను.