చక్రాల్లేని ట్యాంకు

అన్నా,

నువ్వు పోయాక మొదటిసారి యుద్ధం ఆట బొమ్మల పెట్టె కొన్నాను. అంతరిక్ష సైనికులు నీకు తప్పక నచ్చేవారు, ముఖాల్లో కోపం కూడా కనిపిస్తోంది. గ్రహాంతర రాక్షసులు మాత్రం ఉడకబెట్టిన చిలగడదుంపల్లా ఉన్నారు. ట్యాంకు అదిరింది. సన్నటి ప్లాస్టిక్ పుల్ల మీద గాల్లో తేలుతున్నట్టు నిలబడుతుంది.

నీ కొత్త క్యాబ్‌కు చేసినట్టే, ప్రతి బొమ్మ ట్యాంకుకూ నువ్వు పూజ చేయించేవాడివి కదా. దీనికీ చేద్దామని అమ్మ నిమ్మకాయ పట్టుకొచ్చి ఆగిపోయింది.

“దీనికి చక్రాలే లెవ్వు గదరా. నిమ్మకాయ ఏడ పెట్టాలె?”

“ఇది గాలిల పోతదమ్మా.”

అమ్మ నిమ్మకాయను ట్యాంకు కింద పెట్టి, అది చితికేదాకా పైనుంచి చేత్తో నొక్కింది. పుల్ల విరిగింది. నాకు నవ్వాగలేదు. తను మాత్రం ట్యాంకుకు బొట్టు పెట్టి, నువ్వు సాతంరాయి నుంచి ఎయిర్‌పోర్టుకు క్యాబ్ తీసేటప్పుడు రోజూ చెప్పే మాటే దానికీ చెప్పింది.

“మెల్లగ పో బిడ్డా.”