చప్పుడు లేని చప్పట్లు

శనివారం రాత్రి, కర్నూలు లాడ్జి

నా చెవుల మీద నాకున్న నమ్మకం ఈరోజు పోయింది.

బధిర పిల్లల చదువుల మీద ఒక స్వచ్ఛంద సంస్థ పెట్టిన సదస్సులో ఇది రెండో రోజు. వేంపల్లె నుంచి వచ్చిన టీచరమ్మ, తనకూ వినపడదు, సైగలతోనే మాట్లాడింది. పక్కనొకామె వాటిని మైకులో చెబుతుంటే నేను హెడ్‌ఫోన్స్‌లో వింటూ వీడియో తీశాను.

"చిన్నప్పుడు సైగలు చేస్తే నా చేతులు కట్టేసినారు. నా బడి పిల్లోళ్లకు అట్ల జరగనియ్యను" అని ముగించింది.

అంతే, హెడ్‌ఫోన్స్ మూగబోయాయి. మైకు పోయిందనుకున్నాను. వంగి వైర్లు పీకి పెడుతుంటే, పక్క కుర్చీలో ఉన్న ఒక పిల్లాడి తల్లి నా భుజం తట్టింది.

"సౌండు యాడికీ పోలేదన్నా. పైకి చూడు, చేతులూపి చప్పట్లు కొడతాండారు."

తలెత్తాను. హాలు నిండా చేతులు పైకి లేచి, గాలిలో అల్లల్లాడుతున్నాయి. ఇన్ని పెళ్లిళ్లు తీశాను, అంత పెద్ద చప్పట్లు ఎన్నడూ చూడలేదు.

స్టూడియో ఓనరు బాషా భాయ్‌కి ఫోన్‌లో చెప్తే, "మూగ వీడియో ఎవరు చూస్తారప్పా? పెళ్లి వీడియోల్లో చప్పట్లు శానా ఉండాయి, తెచ్చి అతికించు" అన్నాడు. అతికించాలా? కాదంటే ఆయన ఊరుకుంటాడా...

ఇప్పుడే ఆ ముక్క మళ్లీ చూశాను. చివర్లో ఫ్రేము మెల్లగా నేలకు వాలిపోయింది. ఎందుకో మొదట అర్థం కాలేదు. తర్వాత గుర్తొచ్చింది, అప్పుడు కెమెరా వదిలేసి నేనూ రెండు చేతులూ పైకెత్తాను.