బిందె మీద పేరు

నా పేరు ఎల్లమ్మ. డెబ్బై ఏండ్లు దాటాయి. గడ్డిఅన్నారంలో కిరాయి ఇల్లు. ఉండేది నేనూ, నా మనుమరాలు స్వప్నా. నేను చెబుతుంటే పై వాటాలో ఉండే గుంటూరు రాజ్యలక్ష్మి గారు రాస్తున్నారు.

తమ్ముడు సత్తయ్యకు అక్క దీవెనలు. నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? మరదలు, పిల్లలు బాగున్నారా? నా ఒంటికేం కాలేదు. మనసే ఒక చోట నిలవడం లేదు.

స్వప్న చరిత్రలో పెద్ద చదువు చదువుతోంది కదా. రాజుల చరిత్ర కాదు. మనలాంటివాళ్లు పట్నం వచ్చి ఏమేం కొన్నారు, ఎందుకు కొన్నారు అన్నదే దాని చదువు. పాత గిన్నెలు, రేడియోలు, చీరల సంచులు ఫోటోలు తీసి కంప్యూటర్‌లో పెడుతుంది. ఎక్కడివాళ్లైనా చూడొచ్చట. మొన్న నా స్టీలు బిందె ఫోటో కింద "కొన్నది నర్సింహ" అని రాసి నాకు చదివి వినిపించింది.

"మీ తాత ఎప్పుడు కొన్నడే? మార్కెట్ల బత్తాయి గంపలు మోసి నేను కొన్న," అన్నాను.

"బిందె మీద తాత పేరే ఉంది గదా అమ్మమ్మా."

తమ్ముడూ, ఇన్నేళ్లూ ఆ అక్షరాలు తడుముకుంటూ నా పేరే అనుకున్నాను. నల్లా దగ్గర బిందెలు తారుమారైతే, పేరు చూసుకోండని ఎంతమందితో కొట్లాడానో. రాజ్యలక్ష్మి గారిని అడిగితే, "మీ ఆయన పేరని మీకు తెలుసనుకున్నానండీ," అన్నారు.

బిందె కొన్న రోజు దిల్‌సుఖ్‌నగర్ కొట్లో నా పక్కన ఉన్నది నువ్వే. పేరు కొట్టేవాడితో "ఎల్లమ్మ అని కొట్టు" అన్నాను. నువ్వు అతని చెవిలో ఏదో చెప్పావు. ఇంటి పెద్ద పేరే ఉండాలనుకున్నావేమో. ఆ ఇంటిని మోసింది నేను.

"బిందె మాట నమ్ముతవ్, నా మాట నమ్మవా?" అని స్వప్నను నిలదీశాను.

"నమ్ముత. కానీ జూసినోళ్లు ఎవలన్న చెప్తే గట్టిగుంటది," అంది.

నిన్నే అడుగుదామని, ఊరి బస్సు కోసం ఎల్బీనగర్ దాకా నడిచాను. బంద్. ఉద్యమం చేసేవాళ్లు రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుతున్నారు. "తెలంగాణ వచ్చినంక బస్సొస్తది పెద్దమ్మా, అప్పటిదాంక జర తిను," అన్నారు. తిని వెనక్కి వచ్చాను. మర్నాడు మళ్లీ పోయాను. ఆ మర్నాడూ పోయాను. బస్సు రాలేదు, అందుకే ఈ ఉత్తరం.

చేసింది ఒప్పుకో, నేనేం అనను. మీ బావ పేరు బిందె మీద ఉండనీ. కంప్యూటర్‌లో మాత్రం కొన్నది ఎల్లమ్మ అని ఉండాలి.

ఇక్కడిదాకా రాసింది స్వప్నతో ఒకసారి, రాజ్యలక్ష్మి గారితో ఒకసారి, వేరువేరుగా చదివించుకుని విన్నాను. ఇద్దరూ ఒకటే చదివారు. ఆ తర్వాతే వేలిముద్ర వేస్తున్నాను. నువ్వు నేర్పిన తెలివే.

మరదలికి, ఇంటిల్లిపాదికి నా దీవెనలు. ఎవరైనా ఇటు వస్తే రెండు శేర్ల జొన్నలు పంపు. మూడో సాక్షి జాగా ఖాళీగా ఉంచమన్నాను. సంతకం పెట్టి ఈ కాగితమే తిప్పి పంపు.

ఎల్లమ్మ, ఎడమ చేతి బొటనవేలి ముద్ర

సాక్షులు:
1. రాజ్యలక్ష్మి
2. స్వప్న
3. ....................